ముందు అత్త ఈల, తర్వాతే హీరో

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పెద్దేముల్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వికారాబాద్‌లో చర్చికి పోవడానికి తయారవుతున్నాను. "అక్కా, అత్త ప్రభువు దగ్గరికి పోయింది. నిద్రలనే పోయింది," అన్నాడు. మళ్ళీ వాడే, "ఒక్క దెబ్బ గూడ తినకుండ పోయిందక్కా," అన్నాడు. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. మా ఇంట్లో చావు కబురు కూడా ఫైటింగు భాషలోనే వస్తుంది. ఆ భాష మాకు నేర్పింది ఆమే.

ఆమె మా నాన్నకు అక్క, నాకు మేనత్త. మామ చిన్న వయసులోనే పోతే పుట్టింటి పక్కనే రెండు గదులు వేసుకుని, కూలికి పోతూ, మమ్మల్ని పెంచుతూ బతికింది. ఆమె పేరు రాయను. రాసినా పెద్దేముల్ దిక్కు ఎవరూ గుర్తుపట్టరు. "ఫైటింగు అత్త ఇల్లెక్కడ?" అని అడగండి, ఆటో దిగిన చోటి నుంచి ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు.

సమాధి దగ్గర పాస్టరు గారు అడిగితే ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఆమె గురించి రెండు మాటలు చెప్పారు. ప్రార్థన మానలేదన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు, కానుపులకు సాయం పోయిందన్నారు. అన్నీ నిజమే. కానీ సినిమా మాట ఒక్కరూ ఎత్తలేదు. సమాధుల తోటలో సినిమా ఊసు బాగుండదని అందరూ ఎవరికి వాళ్ళే నాలుక కరుచుకున్నారు. నేనూ ముందుకు పోలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్ళు మండింది. ఉప్పు గురించి చెప్పకుండా ఊరగాయ గురించి చెప్పినట్టయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా అత్తకు ఫైటింగు సినిమాలంటే ప్రాణం. ఏడుపు సినిమాలు ఆమెకు పడవు. "ఏడ్వనీకి తాండూరు దాక పోవాల్నా? ఇంట్లనే ఏడ్వొచ్చు," అనేది. ప్రేమ సినిమాకు తీసుకుపోతే పాట మొదలవగానే కునుకు తీసేది. ఎక్కడో జీపు బ్రేకు కీచుమంటే చాలు, లేచి కొంగు సర్దుకుని కూర్చునేది. ఆదివారం చర్చి అయ్యాక తాండూరులో మ్యాట్నీ, ఇది ఆమె వారం. పాస్టరు గారు ఓసారి, "అమ్మా, వాక్యం వినేటప్పుడు గూడ గంత నిటారుగ కూసుంటవా?" అని ఎగతాళి చేస్తే, "అయ్యగారూ, దావీదు రాయి విసిరే కాడ నేనెట్ల కూసుంటనో మీరే చూడున్రి," అంది. ఆయన మళ్ళీ ఆ జోలికి రాలేదు.

ఇక ఆమె ఈల. దాన్ని ఆమెకు జొన్నచేను నేర్పింది. చిన్నప్పుడు మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేదట. వడిసెల తిప్పడం అన్నలకు, ఈల వేయడం ఈమెకు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదితే పక్క చేలోని పిట్టలు కూడా లేచేవని మా నాన్న చెప్పేవాడు. ఆ ఈలే పెద్దయ్యాక తాండూరు టాకీసులో హీరో వచ్చేటప్పుడు పనికొచ్చింది. ఆడవాళ్ళు కూర్చునే వైపు నుంచి అంత ఈల రావడం చూసి ముందు వరుసల్లో మగవాళ్ళు, "ఎవడ్రా వాడు?" అని వెనక్కి తిరిగేవాళ్ళు. "ఎవడు గాదు, నేను. ముంగట జూడు, మొకం చూపిస్తున్నడు," అని వాళ్ళనే గదమాయించేది.

సినిమా చూడడం ఆమెకు సగం పనే. రెండో సగం సోమవారం కంది చేలో ఉండేది. కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టుకుని వరుసగా ముందుకు పోతారు. అత్త సినిమా చూసొచ్చిన మర్నాడు మాత్రం ఆమె సాలును ఎడమ పక్కామె సగం, కుడి పక్కామె సగం తీసేవాళ్ళు. అత్త కొంగు నడుముకు చుట్టి, వాళ్ళకు ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ సినిమా చెప్పేది. ఎవరు పెట్టారో తెలియదు గానీ అది వాళ్ళ కట్టుబాటు. "కూసోని చెప్పరాదా?" అని ఓసారి ఎవరో అంటే, "నేను కూసోని చెప్తే వానికి దెబ్బ తాకుతదా?" అంది.

ఓసారి చేను ఆసామి వచ్చాడు. అందరూ వంగి ఉంటే ఈమె ఒక్కతే చేతులూపుతూ కనబడింది.

"ఏందమ్మా, అందరు పని చేస్తుంటె నువ్వు తిరునాళ్ళకొచ్చినట్టు తిరుగుతున్నవ్?" అన్నాడు.

వరుసలోంచి ఒక ముసలామె తలెత్తకుండానే జవాబిచ్చింది. "పటేలా, ఆమె చేతులాగితె మా చేతులాగుతయి. ఇగ నీ ఇష్టం."

ఆయన తీసిన సాళ్ళ వంక చూశాడు. మామూలు రోజుకంటే పని చాలా ముందుకు పోయి ఉంది. కథలో విలన్ వచ్చేసరికి గట్టు మీద కూర్చున్నాడు. సాయంత్రం పోతూ పోతూ, "గా పిల్లను ఎత్కపోయిన జీపేమాయె?" అని అడిగిపోయాడు. మా అత్త అది తలుచుకుని ఎన్నేళ్ళు నవ్విందో.

సెలవుల్లో నేనూ ఆ వరుసలో వంగేదాన్ని. అన్నీ అనుమానాలే నాకు. "అత్తా, గంత మంది రౌడీలుంటరు గదా, ఒక్కొక్కడే ఎందుకొస్తడు? అందరొక్కసారి మీద పడితె హీరో పని అయిపోతది గదా?" అన్నాను. ఈ ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది. సినిమాలను ఎగతాళి చేసేవాళ్ళందరూ మొదట అడిగేది ఇదే.

అత్తకు కోపం రాలేదు. "కుక్కలు కొట్లాడంగ చూసినవా? అన్ని ఒకదాని మీద ఒకటి పడ్తయి. దుమ్ము తప్ప ఏం కనవడది. ఏది ఎవలిని కరిసిందో, ఎవలు గెలిచిన్రో ఎవనికి ఎరుక? సినిమాల గట్ల ఉండొద్దు బిడ్డా. గీడు ముసలామెను నూకినోడు, వానికి గీ దెబ్బ. గాడు దుకానం తగలవెట్టినోడు, వానికి గా దెబ్బ. ఒక్కొక్కడొస్తెనే మనకు సమజైతది," అంది.

ఇప్పుడు నేను కోర్టులో టైపిస్టుని. గట్ల తగాదాలు, దారి తగాదాలు, పెళ్ళి పందిట్లో తన్నులాటలు, రోజూ నా వేళ్ళ కింది నుంచే పోతాయి. అతను ముందు కొట్టాడని ఇతను, ఇతనే ముందు కొట్టాడని అతను. చూసినవాళ్ళను అడిగితే నేను అప్పుడే అటు తిరిగానంటారు. అదంతా టైపు కొట్టి కొట్టి ఇంటికొచ్చిన సాయంత్రం నాకు అత్త మాట బాగా అర్థమవుతుంది. సినిమాలో ఎవరు ముందు చెయ్యెత్తారో హాలంతా చూస్తుంది. ఎవరూ అటు తిరిగి ఉండరు. జనం ఎగబడి చూసేది రక్తం కోసమని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఒక్కసారైనా అన్యాయం అందరి కళ్ళ ముందూ జరిగి, అందరి కళ్ళ ముందే తేలిపోవాలని వాళ్ళ ఆశ.

అత్తకు కొన్ని పట్టింపులు ఉండేవి. మొదటి దెబ్బ హీరో తినాలి. తినకుండా ముందే చెయ్యెత్తితే, "వీనికి ఓపిక లేదు, వీడు నిలవడడు," అని ఆ హీరోను పక్కన పెట్టేసేది. విలన్ బలంగా ఉండాలి. "బక్కోన్ని కొట్టుడేం గొప్ప? గా పని మా వాడకట్టు తాగుబోతు గూడ చేస్తడు." కొట్టే ముందు ఎవరి కోసం కొడుతున్నాడో చూపించాలి. అమ్మో, చెల్లెలో, ఊరో, ఆఖరికి ఒక ఎద్దయినా సరే. అది చూపించకుండా ఎన్ని అద్దాలు పగలగొట్టినా, "ఉత్త దుమ్ము, ఇల్లూడ్చినట్టున్నది," అనేది. హీరో ముఖం మాత్రం ముందే చూపించకూడదు. మొదట బూటు, తర్వాత చెయ్యి, తర్వాత వీపు, ఆఖరుకు ముఖం. వరుసలోని ఒకామె, "గంత సాగదీసుడెందుకు?" అంటే, "మీ గుళ్ళె గూడ పాదాల కాడికెల్లే గదనే మొక్కుడు? గట్లనే," అంది. ఆ హిందువులామె ఒప్పేసుకుంది.

ఈ పట్టింపులన్నీ ఆమె మా బతుకుల మీదా పెట్టింది. నాకు టైపు పరీక్ష పోయినప్పుడు అన్నం మానేసి గోడ వైపు తిరిగి పడుకున్నాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. "ఇంకా ఇంటర్వెల్లే గదా, గప్పుడే ఏడుస్తవేందే? ఇంటర్వెల్ కాడ హీరో పాణం మీదికి రాకుంటె జనం ఉంటరా, లేచి పోరా?" అంది. నవ్వు ఆగక లేచి అన్నం తిన్నాను. తర్వాత ఉద్యోగం వచ్చి మొదటి రోజు పోతుంటే కొత్త చెప్పులు కొనిచ్చింది. చీర గురించి, జడ గురించి ఒక్క మాట అనలేదు. "మొదలు కాళ్ళే కనవడ్తయి," అంది. ఆ మాట ఎంత గట్టిగా అందంటే, ఆఫీసు గుమ్మం దాటేటప్పుడు నాకు నిజంగానే వెనక ఏదో వాయిద్యం మోగుతున్నట్టు అనిపించింది.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, సినిమాల మాట వస్తే పెదవి విరుస్తాడు. "ఏముంటుందండీ, అదే కథ, అదే కొట్టుడు. ముందే అంతా తెలిసిపోతుంది," అంటాడు. నేనూ చాలా రోజులు అది లోపమే అనుకున్నాను. అది లోపం కాదని నాకు తెలిసింది అత్త కళ్ళు పోయాక.

షుగరు కళ్ళకు చేరింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ముందు దారి మసకబారింది, తర్వాత మనుషులు మసకబారారు, చివరికి వెలుతురు ఒక్కటే మిగిలి అదీ పోయింది. అత్త ఏడవలేదు. కర్ర పట్టుకుని నడవడం, చేత్తో తడిమి బియ్యం ఏరడం నేర్చుకుంది. అన్నీ నేర్చుకుంది గానీ సినిమాకు పోవడం మానేసింది. సినిమా చెప్పడం అసలే మానేసింది.

చేలో ఆమె వరుస ఆడవాళ్ళు ఇంటికొచ్చి అడిగేవాళ్ళు. "పాతదేదన్న చెప్పవే. నువ్వు లేక చేలె నిద్రొస్తున్నది," అని బతిమాలేవాళ్ళు. కొత్త సినిమా చూసొచ్చి కథ చెప్పి, "దీన్ని జర నీ లెక్క చెప్పు," అని కూడా అడిగారు. అత్త తల అడ్డంగా ఊపేది.

"చూడంది చూసినట్టు చెప్తే అబద్ధ సాక్ష్యమైతది. పది ఆజ్ఞలల్లనే ఉన్నది. నాతోని గా పని చేపియ్యకున్రి."

పాతవి కూడా చెప్పలేదు. "గవి అయిపోయినయి," అనేది. గుమ్మం పక్కన కూర్చునేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గాలిలో కత్తులు దూసి, జీపులు ఎగరేసి, పదిమందిని పడగొట్టిన ఆ చేతులు అలా ఊరికే పడి ఉంటే చూడలేకపోయేదాన్ని. కళ్ళు లేకుండా ఆమె బతకగలదు, అది మాకందరికీ తెలిసిపోయింది. చెప్పడం లేకుండా బతుకుతుందా అన్నదే నా భయం. ప్రతి వారం వెళ్ళినప్పుడల్లా మాట కొంచెం తగ్గి కనబడేది.

నేను చేతనైనవన్నీ చేశాను. ఫోన్లో సినిమా పెట్టి చెవి దగ్గర పెడితే, "గీంత డబ్బల గంత మనిషి ఎట్ల పడ్తడే?" అని పక్కకు నెట్టేసింది. సరే అని నేనే సినిమా చూసొచ్చి చెప్పబోయాను. ఎంత కోర్టు బుద్ధో నాది, "విలన్ మనుషులు ఆరుగురు రాత్రి వేళ మారణాయుధాలతో ఇంట్లకు జొరబడ్డరు," అని మొదలుపెట్టాను. అత్త కాసేపు ఓర్చుకుని, "నువ్వు సినిమా చెప్తున్నవా, పంచనామా రాస్తున్నవా?" అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. ఇదే సందని అన్నాను.

"అత్తా, నువ్వే గదా చెప్పినవ్. ఇంటర్వెల్ అయినంక హీరో ఇంట్ల కూసుంటడా?"

అత్త, "నా కట్టెతోని నన్నే కొడ్తున్నవ్," అంది. కర్ర అందుకుని, "గా నీలం చీర తీ," అంది.

అది పోయిన ఎండాకాలం సంగతి. ఆదివారం చర్చి నుంచి అలాగే తాండూరు వెళ్ళాం. నాపరాయి పొడి రోడ్డు పక్కన చెట్ల మీద తెల్లగా పేరుకుని ఉంది. అత్త గాలి పీల్చి, "పాలిష్ మిషిన్ల కాడికొచ్చినం," అని తానే చెప్పింది. టాకీసు మెట్ల దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయపడిందనుకున్నాను. కాదు, నాకు వార్నింగు ఇచ్చింది. "నువ్వేం చెప్పకు. నోరు మూసుకోని నీ కండ్లతోని నువ్వు చూడు. నా పని నేను జూస్కుంట."

దీపాలు ఆరాయి. నేను తెర కంటే ఆమె ముఖమే ఎక్కువ చూస్తూ కూర్చున్నాను. మొదట్లో ముఖం బిగుసుకుని ఉంది. ఎవరో పరాయి ఇంటికి వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఉంది. తెర మీద ఏదో సంత. రౌడీలు వసూళ్ళకు వచ్చారు. ఒక ముసలామె గంప బోల్తా పడింది. గాజు సీసాలేవో పగిలాయి. ముసలామె ఏడుపు. తర్వాత వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

అత్త రెండు వేళ్ళు నోట్లోకి పోయాయి.

ఆ ఈలకు నేను కుర్చీలో ఎగిరిపడ్డాను. తెర మీద ఇంకా ఏమీ లేదు, ఎర్రమట్టి నేల తప్ప. ఈల సాగుతూనే ఉంది. అప్పుడు, ఆ ఈల మీదుగా నడిచి వచ్చినట్టు, హీరో బూటు ఆ మట్టిలో పడింది. అప్పుడు గానీ హాలు మేలుకోలేదు. వాళ్ళ ఈలలు, చప్పట్లు, కాగితం ముక్కలు అన్నీ ఆమె తర్వాతే. కళ్ళున్న వాళ్ళందరికంటే ముందు హీరోను చూసింది మా అత్త. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. లేచి నిలబడి, "ఈమె మా మేనత్త!" అని హాలంతా వినబడేలా అరవాలనిపించింది.

"ముందే అంతా తెలిసిపోతుంది" అన్న మాటకు అప్పుడు నాకు జవాబు దొరికింది. అవును, తెలిసిపోతుంది. వాయిద్యం ఎప్పుడు ఆగుతుందో, గాలి ఎప్పుడు లేస్తుందో, వెనక నుంచి కర్ర పట్టుకుని ఒకడు ఎప్పుడు వస్తాడో, పోలీసులు అంతా అయిపోయాక ఎలా వస్తారో, అందరికీ తెలుసు. కోడలు అత్తింటికి పోతే అటక మీద ఏముందో వెతుక్కోవాలి. పుట్టింటికి వస్తే చీకట్లో కూడా మంచినీళ్ళు ముంచుకుంటుంది. ఫైటింగు సినిమా మా అత్తకు పుట్టిల్లు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టే కళ్ళు లేని మనిషి చెయ్యి చాచితే అందాయి. కొత్తదనం కోసం వాటినన్నిటినీ మార్చేసి ఉంటే ఆ రోజు ఆమె ఆ హాల్లో పరాయిదై కూర్చునేది.

ఆ తర్వాత ఆమెకు పట్టపగ్గాలు లేవు. నా మణికట్టు పట్టుకుని ఫైటు ఫైటుకూ నొక్కుతూనే ఉంది. "ఎనకకెల్లి ఒకడొస్తడు," అనేది, వాడు వచ్చేవాడు. "గిప్పుడు అంగీ చినుగుతది," అనేది, చినిగేది.

ఆఖరి ఫైటులో మాత్రం అత్త తప్పింది. హీరో విలన్‌ను రెండు చేతులతో పైకెత్తాడు. నేలకేసి కొట్టడానికే ఎత్తాడని హాలంతా ఊపిరి బిగబట్టింది. కొట్టలేదు. మెల్లగా కిందికి దించి వెనక్కి తిరిగి నడిచిపోయాడు. చప్పుడంతా ఆగిపోయింది. అలాంటి చోట విలన్ కాలి దగ్గరి కత్తి తీసి వెనక నుంచి వస్తాడని లోకమంతటికీ తెలుసు కదా, అత్త లేచి నిలబడి ఎలుగెత్తి అరిచింది.

"ఎనకకు చూడు బిడ్డా! కత్తి తీస్తున్నడు!"

హాలంతా గొల్లున నవ్వింది. అత్త కూర్చుని నా వైపు వంగింది. "ఏమైందే?"

"పైకెత్తిండు అత్తా. కొట్టలే. మెల్లగ దించిండు. వాడు మోకాళ్ళ మీద కూసున్నడు. కత్తి తియ్యలే. ఏడుస్తున్నడు."

"నిజంగ తియ్యలే?"

"నిజంగ. నేను చూస్తున్న."

అత్త ఆలోచించింది. ముందు వరుసల్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఆమె వాళ్ళను పట్టించుకోలేదు. "ఎన్ని సినిమాలు చూసిన, ఒక్కడు మారలే. ఇగో గీ ఒక్కడు మారిండు. మంచిగైంది," అంది. ఓడిపోయినట్టు కాదు, చుట్టాల ఇంట్లో శుభవార్త విన్నట్టు అంది.

తిరుగు ప్రయాణంలో పెద్దేముల్ ఆటో ఎక్కాం. సందు లేకుండా జనం. మా ఎదురుగా అత్త పక్క సాలులో కలుపు తీసే ఆమె ఒకతి, కూరగాయల సంచితో. ఆమె పక్కన సరిహద్దు అవతలి నుంచి బిడ్డ ఇంటికి పోతున్న ఒక ముసలమ్మ. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం కన్నడమే. ఇంకా డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ముగ్గురో నలుగురో వేలాడుతూ.

సాలు ఆమె నన్ను అడిగింది, అత్తను కాదు. "ఎట్లున్నదక్కా సినిమా?"

నేను నోరు తెరిచాను. అత్త మోచేత్తో నన్ను పొడిచింది.

"నువ్వాగు, పంచనామా. నేను చెప్త."

సాలు ఆమె సంచి జారిపోతే కూడా చూసుకోలేదు. అత్త గొంతు సవరించుకుంది. "ముందే చెప్తున్న, నేను చూడలే. ఇన్న. ఇన్నది ఇన్నట్టు చెప్త. నా బిడ్డ చూసి చెప్పింది, బిడ్డ చూసిందని చెప్త. అబద్ధముండది," అంది. ఎవరితో చెప్పుకుందో ఆ మాట, పైన ఉన్నవాడితోనే అనుకుంటాను.

అలా మొదలుపెట్టింది. సంతలో సీసాలు పగలడం చెప్పింది, ముసలామె గొంతు ఎలా వణికిందో చెప్పింది, గాలి ఎలా లేచిందో నోటితో ఊది చూపించింది. ఆ బూటు మట్టిలో పడిన చప్పుడు చెబుతుంటే, ఆ సినిమా చూసి వస్తున్న నేనే మొదటిసారి ఆ బూటును చూశాను. ఆటోలో మాటలన్నీ ఆగిపోయాయి. అత్త ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఎదురుగా ఉన్న ముసలమ్మ, "ఆమ్యాలె?" అని అడిగేది. కన్నడంలో ఆ తర్వాత అని. డ్రైవరు హారన్ కొట్టడం మానేసి, గుంటలు చూసి మెల్లగా పోనిచ్చాడు. ఒళ్ళో పడి ఉన్న ఆ చేతులు అప్పటికే ఆటో పైకప్పు దాకా లేస్తున్నాయి.

పెద్దేముల్ స్టేజీ వచ్చింది. ఆటో ఆగింది. ఎవరూ దిగలేదు. డ్రైవరు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. వెనక వేలాడిన వాళ్ళు దిగి, పోకుండా, తలలు లోపలికి పెట్టి నిలబడ్డారు. సాయంత్రపు ఎండ అత్త ముఖం మీద పడింది. ఆ ఎండ ఆమెకు కనబడదు, కానీ ముఖం ఎండ వైపే ఎత్తి పెట్టింది.

"గీడ నా బిడ్డ చూసింది, నేను ఇన్న," అంది అత్త, నా భుజం తట్టి. "విలన్ గానిని రెండు చేతులల్ల వట్టిండు. ఎత్తిండు. నెత్తి మీదికెత్తిండు..."

రెండు చేతులూ పైకి లేపి అక్కడే ఆగింది.

"ఆమ్యాలె?" అంది ముసలమ్మ.

అత్త చేతులు దించలేదు. ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి నవ్వుతూ, విలన్‌ను ఇంకొంచెం పైకెత్తింది.